గుంజకి ఎన్ని మార్కులు?

రిటైరైన డ్రిల్లు మాస్టారికి ఊళ్ళో రెండు గౌరవాలు మిగులుతాయి. ఆగస్టు పదిహేనున జెండా తాడు చిక్కుపడితే కబురు చేస్తారు. పెళ్ళి భోజనాల దగ్గర వరసలు తప్పితే "మాస్టారూ, కాస్త ఒక కేకెయ్యండి" అంటారు. ఈ రెంటితోనే శేషజీవితం గడిచిపోతుందనుకుంటూంటే, సంక్రాంతి వెళ్ళిన మూడోనాడు మూడో గౌరవం టీవీఎస్ బండి మీద వచ్చి మా ఇంటిముందు దిగింది.

మాది దొరవారిసత్రం. మద్రాసు నుంచి గూడూరు వచ్చే రైల్లో, సూళ్ళూరుపేట దాటాక, నాయుడుపేట రాకముందు, మీరు కునుకు తీస్తూండగా వెనక్కి వెళ్ళిపోయే ఊరు. 2022 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. పులికాటు అవతల శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మా కిటికీ రెక్కలు గడగడలాడతాయి. ఆకాశానికి పోయేవీ, మద్రాసుకి పోయేవీ అన్నీ మా పక్కనుంచే పోతాయి. పనిగట్టుకుని మా దగ్గర ఆగేవి నేలపట్టు చెరువులో దిగే గూడబాతులు మాత్రమే.

బండి దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టు నటిద్దామనుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది.

"నమస్కారం సార్. గుంజని సార్" అన్నాడతను నవ్వుతూ.

గుంజ అంటే గొడ్లని కట్టే గుంజే. 1989లో మా జిల్లా జూనియర్ కబడ్డీ జట్టుని ఎంపిక చేసిన ముగ్గురిలో నేనొకణ్ణి. అప్పుడతనికి పద్దెనిమిదేళ్ళు. కోర్టులో కుడి కవర్. నేను చూసిన రెండాటల్లో అతను పట్టింది ఎవర్నీ లేదు. నా పుస్తకంలో "పాయింట్లు సున్నా. గుంజలా నిలబడతాడు" అని రాసి, ఆ చోటు ఇంకో కూతగాడికిచ్చాను. ఆ మాట ఎట్లా బయటికి పొక్కిందో, పిలకాయలు ఆ పేరే ఖాయం చేశారు. మేం పంపిన జట్టు మొదటి ఆటలోనే ఓడి, పెట్టెలు విప్పకుండానే తిరిగొచ్చింది. కూతకి పోయేవాళ్ళు నలుగురు, వచ్చినవాణ్ణి ఆపేవాళ్ళు ఎవరూ లేరు. అతనికి జిల్లా సర్టిఫికెట్టు రాలేదు. రైల్వేలో క్రీడాకారుల కోటా అని ఒకటుంది. ఆ కాయితం ఉంటే అతను ఆ దారిన పోయేవాడేమో. ఇప్పుడు రైలు కట్టకి ఇవతల కయ్యల్లో ట్రాక్టరు తోలుతున్నాడు. రోజుకెన్ని రైళ్ళు పోతాయో ఆయన్నడిగితే తెలుస్తుంది. నేనెప్పుడూ అడగలేదు.

"మా పిలకాయ కాలేజీకి ఆడతాండాడు సార్. వాడు గూడా కుడి కవరే" అన్నాడు. "పరీక్షలవగానే శ్రీసిటీలో ట్రైనీగా చేరమని కాయితమొచ్చింది. ఆ వారమే కబడ్డీ లీగోళ్ళ సెలెక్షన్లంట. రెండూ ఒకసారే. యాడికి పంపాలో తెలీటంలా. ఒక్కసారి మీరు చూసి జెప్పండి."

"నేనా?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"మీరే సార్. వాడేం చేసినాడని గాదు. ఏమీ చెయ్యనప్పుడు గూడా చూడండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని అతని మొహం వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

చెడుగుడు తెలియని తెలుగువాళ్ళుండరు గానీ, కవర్ అంటే ఎవరో తెలియనివాళ్ళుండొచ్చు. ఒక్కో జట్టుకి కోర్టులో ఏడుగురు. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు కార్నర్‌లు. కూతకొచ్చినవాడి కాలి మడమో, తొడో దొరకబుచ్చుకునేది వాళ్ళే. వాళ్ళకి లోపలి పక్కగా నిలబడేవాళ్ళలో కవర్‌లుంటారు. కార్నర్ పట్టింది జారిపోకుండా చూడటం, వచ్చినవాడు నడిగీతకి తిరిగి పోయే దారి మూసెయ్యటం వీళ్ళ పని. నడిగీత నుంచి వెనక గీతకి ఆరున్నర మీటర్లు. కార్నర్ కాలు పట్టుకున్నా, వాడు బోర్లాపడి చిటికెనవేలు నడిగీతకి ఆనిస్తే చాలు, పట్టుకున్నవాళ్ళూ తాకినవాళ్ళూ అవుటు. ఆ వేలికీ గీతకీ మధ్య వచ్చి పడేవాడే కవర్. సరిగ్గా పడితే పాయింటు కార్నర్ పేరున రాస్తారు. పడకపోతే "కవర్ ఏం చేస్తున్నాడు?" అంటారు.

ఈ పరిస్థితి మన దగ్గరే ఉందనుకునేవాణ్ణి. 2019లో మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వెళ్ళినప్పుడు ఆ అపోహ పోయింది. అక్కడ శనివారం కాలేజీ కుర్రాళ్ళ ఫుట్‌బాల్, ఆదివారం డబ్బు పుచ్చుకుని ఆడేవాళ్ళ ఫుట్‌బాల్. పేరు కాలిబంతి గానీ ఆటంతా చేతుల్తోనే. జట్టుకి పదకొండుమంది. వాళ్ళలో అయిదుగురు భారీ మనుషులు ముందు వరసలో వంగి నిలబడి, వెనకనున్న బంతి విసిరేవాడి మీదికి ఎవర్నీ రానివ్వకుండా అడ్డుపడతారు. నడిమివాడు బంతిని వెనక్కి అందించడం తప్పిస్తే, ఆట మొత్తంలో వాళ్ళు బంతి పట్టుకునే సందర్భమే దాదాపు ఉండదు. జనం అరిచేది విసిరినవాడి పేరూ, అందుకున్నవాడి పేరూ. ఈ అయిదుగురిలో ఒకడి సంగతి మైకులో వినిపించిందంటే, సాధారణంగా వాడు ఎదుటివాణ్ణి అక్రమంగా పట్టుకున్నాడని రెఫరీ చెబుతున్నాడన్న మాట. అక్కడ పట్టుకోవడం తప్పు, మన దగ్గర పట్టుకోకపోవడం తప్పు. అంతే తేడా.

"మరి వీళ్ళని పెద్ద జట్లకి ఎట్లా ఏరుతారు?" అని మా అల్లుణ్ణడిగాను.

అతను వివరంగా చెప్పాడు. ఏటా శీతాకాలం చివర్లో ఇండియానాపొలిస్ అనే ఊళ్ళో కాలేజీ కుర్రాళ్ళకి పరీక్ష పెడతారట. ఎత్తు, బరువు, అరచెయ్యి వెడల్పు, చేతి పొడవు కొలుస్తారు. 225 పౌన్లు, అంటే మన లెక్కన 102 కిలోలు, వెల్లకిలా పడుకుని ఎన్నిసార్లు ఎత్తుతాడో లెక్కపెడతారు. 40 గజాలు పరిగెత్తిస్తారు. అచ్చంగా మన ఎద్దుల సంత. పళ్ళు పట్టి చూడటం ఒక్కటే తక్కువ. తర్వాత వసంతంలో 32 జట్లు వంతులవారీగా, ఏడు విడతల్లో కుర్రాళ్ళని ఎంచుకుంటాయి.

"అయితే ఈ కొలతలు చెప్పేది సగమే, మామయ్యా" అన్నాడు అల్లుడు. "ఆట రికార్డు పెట్టుకుని, బంతిని చూడటం మానేసి, ఆ ఒక్కడి కాళ్ళే చూస్తూ కూర్చోవాలి. మొదట్నుంచి చివరిదాకా."

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడా మాట అక్కరకొచ్చింది.

కాలేజీల పోటీలు మూడు చూశాను. మొదటి ఆటకి వెళ్ళి, ముప్ఫై అయిదేళ్ళ అనుభవంతో, అందరిలాగే కూతగాణ్ణి చూస్తూ కూర్చున్నాను. ఆట అయ్యాక మన కుర్రాడేం చేశాడని నన్ను నేను అడుగుకుంటే జవాబు లేదు. 1989లో రాసిన మాటే మళ్ళీ కలం చివరికొచ్చింది. సిగ్గేసింది.

రెండో ఆటకి వరస మార్చాను. కూతగాడెవడో, ఎన్ని పాయింట్లో చూడను. ఆ పిలకాయ పాదాలే చూస్తాను. ఇది చెప్పినంత తేలిక కాదండీ. చుట్టూ జనం ఒక్కసారి హోరుమంటే కళ్ళు వాటంతటవే అటు పోతాయి. అరవై ఏళ్ళుగా అరుపు వినిపించిన వేపు తిరగడం అలవాటైన మెడ ఇది. రెండో ఆట సగమయ్యేసరికి గానీ మాట వినలేదు.

మూడో ఆటకి పుస్తకంలో గళ్ళు గీసుకుని మరీ వెళ్ళాను. వాడు కోర్టులో ఉండగా అవతలివాళ్ళు 31 సార్లు కూతకొచ్చారు. వాడి పక్కకి వెళ్ళింది 8 సార్లు. మిగతా 23 సార్లూ ఎడమ పక్కకే. స్కోరు పుస్తకంలో ఎడమ కార్నర్ కుర్రాడికి 6 పాయింట్లు పడ్డాయి, మనవాడికి 2. ఆ ఆరింట్లో నాలుగుసార్లు, కార్నర్ కాలు పట్టగానే వచ్చినవాడు గీతకేసి దూకబోయాడు. దూకిన చోట మనవాడు ముందే ఉన్నాడు. పరిగెత్తి రాలేదు. కార్నర్ చెయ్యి వెయ్యకముందే రెండడుగులు లోపలికి జరిగి ఉన్నాడు. అంటే, జరగబోయేది వాడికి ముందే తెలుసు. వాడి పక్కకి ఎవరూ ఎందుకు పోలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఎవరూ రాని దారికి కాపలా కాసేవాడికి మార్కులు వెయ్యడం ఎట్లా? దొంగ రాని రాత్రికి కూర్ఖాకి జీతం ఇస్తున్నాం కదా!

ఇంకొకటి చూశాను. బోనస్ గీత తొక్కడానికి వచ్చినవాడు ఒక కాలు పైకెత్తినప్పుడు బరువంతా రెండో కాలి మీద ఉంటుంది. ఆ అరక్షణంలోనే మనవాడు భుజంతో గుద్దుతాడు. ముందూ కాదు, వెనకా కాదు. పక్కవాడి చెయ్యి గొలుసుగా పట్టుకున్నప్పుడు లాగడు. నొక్కుతాడు. లాగితే పక్కవాడు తూలతాడు, నొక్కితే హెచ్చరిక అందుతుంది. ఇవి ఎవరో నేర్పితే వచ్చేవి కావు.

ఇక్కడితో ఆపేస్తే నాకెంత హాయి! "మీవాడు రత్నం, కళ్ళు మూసుకుని పంపించు" అనేస్తే 1989 బాకీ వడ్డీతో సహా తీరిపోతుంది. ఆ రాత్రి అదే రాసుకున్నాను కూడా. పొద్దున్నే చదువుకుంటే, నా బాకీ ఆ పిలకాయ ఉద్యోగంతో తీరుస్తున్నట్టు అనిపించింది. ఒకప్పుడు చూడకుండా కాదన్నాను. ఇప్పుడు చూసి కూడా అబద్ధం చెబితే, నలుపు మీద సున్నం వేసినట్టే.

అందుకని కాయితం చింపేసి రెండో వేపు కూడా రాశాను. కాలేజీ ఆట వేరు, డబ్బిచ్చి ఆడించే ఆట వేరు. ప్రో కబడ్డీ లీగు 2014లో మొదలైంది. అక్కడ ఆట మట్టి మీద కాదు, మ్యాట్ మీద. బూట్లు వేసుకోవాలి. మా పిలకాయ ఆడేది చెరువు మట్టి కలిపిన నేల మీద, వట్టి కాళ్ళతో. నేలలో వేళ్ళు గుచ్చి నిలబడే అలవాటు మ్యాట్ మీద పనికిరాదు. అక్కడ కూత ముప్ఫై సెకన్లే. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానికి పాయింటు తెచ్చి తీరాలి, లేదా అవుటు. అంచేత వచ్చేవాడు చావుకి తెగించి వస్తాడు. ప్రదీప్ నర్వాల్‌కి పేరు తెచ్చిన డుబ్కీ మీరు టీవీలో చూసే ఉంటారు. గొలుసు కింద నుంచి చేపలా జారిపోవడం. దాన్ని ఆపాలంటే కవర్ నడుము కిందికి దించి నిలబడాలి. మనవాడు నిటారుగా నిలబడతాడు. కాలేజీ కూతగాళ్ళకి ఆ సందు కనపడలేదు. పెద్దవాళ్ళకి మొదటి కూతలోనే కనపడుతుంది. ఎడమ భుజంతో గుద్దడం వాడికింకా రాదు. నోరు అస్సలు లేవదు. వెనకనుంచి జట్టుని కేకలతో నడిపించాల్సినవాడు మౌనవ్రతం పడితే కష్టం. అన్నిటికంటే ముఖ్యమైనది, చివరి అయిదు నిమిషాల్లో జట్టు వెనకబడితే వాడికి ఓపిక పోతుంది. తన చోటు వదిలి ముందుకి దూకుతాడు. అలా రెండుసార్లు ఇచ్చిన పాయింట్లతోనే ఆ ఆట పోయింది. గుంజ, గుంజలా ఉండలేకపోయిన క్షణాలు అవి.

మా ఆవిడ కాఫీ తెచ్చి నా కాయితాలు చూసింది. "ఆ కుర్రాడికి నాలుగు పేజీలా? నలభై ఏళ్ళుగా వండుతున్నాను, ఉప్పు తక్కువైన రోజు తప్ప మీరు నోరు విప్పింది లేదు" అంది. నేను కాఫీ బాగుందన్నాను. "ఇప్పుడు అడిగి చెప్పించుకున్నది లెక్కలోకి రాదు" అని గ్లాసు తీసుకుపోయింది.

మర్నాడు తండ్రీకొడుకులిద్దర్నీ రమ్మన్నాను. కుర్రాడు తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అక్కడ కూడా కవర్ చోటే చూసుకున్నాడు.

నేను కాయితాలు పూర్తిగా చదివాను. మంచీ చదివాను, చెడూ చదివాను. ఆఖరున ఇట్లా చెప్పాను: "ఆట చదివే బుర్ర ఉంది. అది కొనుక్కుంటే దొరికేది కాదు. నిలబడే తీరు మారాలి. దానికి మ్యాట్ మీద కనీసం రెండేళ్ళు కావాలి. ఈ ఏడు సెలెక్షన్లలో తీసుకుంటారని నేననుకోను. అయినా పంపించు. అక్కడ వాళ్ళేమంటారో వినడం ముఖ్యం. కానీ శ్రీసిటీ కాయితం మాత్రం చింపకండి. వారం గడువడగండి. ఇస్తే సరే. ఇవ్వకపోతే ఉద్యోగమే ముందు, సెలెక్షన్లు మళ్ళీ వస్తాయి."

"లీగులో చేరితే లక్షలంట గద సార్?" అన్నాడు తండ్రి.

"వేలంలోకి ఎక్కితే లక్షలే. 2023లో అన్నిటికంటే కింది తరగతి ధరే 9 లక్షలు. కానీ ఆ మెట్టుదాకా ఎక్కేవాళ్ళు కొద్దిమంది. అందులోనూ కూతగాళ్ళకి, కార్నర్‌లకి ఉన్న గిరాకీ కవర్‌లకి తక్కువ" అన్నాను. "అట్లాగని లోకానికి బుద్ధి లేదనుకోకు. ఆ ఏడాది వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నది. అతను బాగా ఆడాడు కూడా. జట్టు మాత్రం 22 ఆటల్లో రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. కూతకి వెళ్ళి తెచ్చేవాడు ఎంత గొప్పవాడైనా, ఇంట్లో ఉన్నది పోకుండా చూసేవాళ్ళు లేకపోతే కొంప నిలవదు. జట్లవాళ్ళకీ అది తెలుస్తూనే ఉంటుంది. మెల్లిగా."

నేను చెప్పింది ఆయన ఆశించింది కాదని నాకు తెలుసు. గదిలో పంకా చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగకుండా పోయింది. అది పోయేదాకా ఆగి ఆయనన్నాడు:

"ఆపొద్దు గూడా ఇంత చూసి కాదనుంటే నాకు బాధుండేది గాదు సార్."

నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆయన ఆ నాలుగు కాయితాలూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేనిచ్చిన సర్టిఫికెట్లు ఎందరో ఫ్రేము కట్టించుకున్నారు. ఇన్ని తప్పులెన్నిన కాయితాన్ని జేబులో దాచుకుని పోయినవాడు మాత్రం ఇతనొక్కడే.

ఫ్యాక్టరీవాళ్ళు వారం గడువిచ్చారు. కుర్రాడు సెలెక్షన్లకి వెళ్ళొచ్చాడు. తీసుకోలేదు. రాత్రి ఫోన్ చేశాడు. ఓడిపోయినవాడి గొంతులా లేదు. "పెద్ద సార్, అక్కడ గూడా అదే జెప్పినారు. నడుము దించమన్నారు. ఏడాది మ్యాట్ మీద ఆడి రమ్మన్నారు" అన్నాడు.

ఇప్పుడు ఆ అబ్బాయి శ్రీసిటీలో పని చేస్తున్నాడు. సెలవురోజున పొద్దున్నే మా పాత స్కూలు మైదానానికి వస్తాడు. మ్యాట్ ఇంకా లేదు. దాని కోసం చందాల పుస్తకం పట్టుకుని తిరుగుతున్నాను. ఇది నా నాలుగో గౌరవం. అందాకా నడుము ఎత్తున ఒక తాడు కట్టి, దాని కింద అటూ ఇటూ కదలమంటున్నాను. తల తాడుకి తగిలితే మళ్ళీ మొదటికి. గట్టున కూర్చుని వాళ్ళ నాన్న లెక్కపెడుతుంటాడు. నేను కాళ్ళు చూస్తుంటాను.

నిన్న చూసి చూసి మా గుంజ ఒక మాటన్నాడు. "సార్, గుంజ కదలకపోబట్టే గద ఆవుని దానికి కట్టేది?"

నా 1989 పుస్తకం ఇంకా అటక మీద ఉంది. దించి, ఆ పేజీలో సున్నా కొట్టేసి, పక్కన ఎంత వెయ్యాలా అని ఆలోచిస్తున్నాను.